దర్వాజాలో పొయ్యి

నేను కాపురానికి వచ్చిన ఇంటికి మూడు గోడలే సొంతం. నాలుగోది కోట దర్వాజాది.

పాలమూరు జిల్లాలో, అమ్రాబాద్ అడవి గుట్టలు దూరంగా నీలంగా కనిపించే ఊరు అది. ఎప్పటి దొరలో కట్టించిన చిన్న కోటలో ఊరంతా ఉండేది. నేను వచ్చేనాటికే కోటగోడ చాలాచోట్ల కూలింది. ఉత్తరం వైపు పెద్ద గండి పడి, ఆ గండిలో తుమ్మచెట్లు మొలిచాయి. తూర్పు దర్వాజా మాత్రం నిలబడి ఉంది. రెండు పక్కలా రాతి బురుజులు, ఇనుప బొడిపెల తలుపులు, పైన ఏనుగుల వరస చెక్కిన అడ్డరాయి, దాని మీద చిన్న గది. లోపల రెండు వైపులా కావలివాళ్లు కూర్చునే అరుగులు. ఎండాకాలం మధ్యాహ్నం ఊరు ఊరంతా మాడిపోతున్నా ఆ అరుగుల మీద చల్లగా ఉండేది.

మా అత్తగారింటి పెద్దలు ఒకప్పుడు ఆ దర్వాజాకు కావలి ఉన్నారట. దొరలు పోయారు, కావలి పోయింది, మాకు వ్యవసాయం మిగిలింది. దర్వాజాను ఆనుకుని కట్టుకున్న మట్టి మిద్దె మిగిలింది. మా వంటింటి దూలాలు ఒక చివర మా గోడ మీద, ఇంకో చివర దర్వాజా రాళ్లలో తొలిచిన గూళ్లలో ఉండేవి.

నేను పుట్టింది నల్లగొండ జిల్లాలో, మోత్కూర్ దగ్గర. మా బాపు కట్టించిన ఇంట్లో పొయ్యి పక్కనే పెద్ద కిటికీ. ఇక్కడ పొయ్యి ముందు కూర్చుంటే ఎదురుగా బారెడు మందం రాయి. పొగ పోయే దారి లేదు. కళ్లు ఎప్పుడూ ఎర్రగా వాచి ఉండేవి. కొత్త కోడలు పుట్టింటి మీద బెంగతో ఏడుస్తోందని చుట్టుపక్కలవాళ్లు ఓదార్చడానికి వచ్చేవారు. నాకు బెంగా లేదు, ఏమీ లేదు. పొగ.

ఆ రాతి గోడకు చిన్న కిటికీ పెట్టించమని మా ఆయన్ని పోరాను. ఆయన నెమ్మదస్తుడు. ఏదైనా అడిగితే సరేనంటాడు, చేయడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది గడిచి, రాళ్లు కొట్టేవాళ్లను పిలుస్తానన్న రోజుల్లోనే జీపు వచ్చింది. పాత కట్టడాల శాఖ అధికారి ఒకాయన హైదరాబాద్ నుంచి దిగాడు. దర్వాజా పక్కన గుంత తవ్వించి నీలం రేకు బోర్డు పాతించాడు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో రాసి ఉంది. ఇది రక్షిత కట్టడం, దీనికి హాని చేసినా మార్పులు చేసినా శిక్ష తప్పదని.

మా అత్తకు చదువు రాదు. ఆయన చేతే చదివించుకుంది.

"అంటే మేమేం చెయ్యొద్దు సారూ?" అని అడిగింది.

"ఈ గోడకు మేకు కూడా కొట్టకూడదమ్మా."

"మరి కూలిపోతే?"

"మాకు తెలియజేయాలి."

"తెలియజేస్తే?"

"మేము వచ్చి చూస్తాం."

"చూస్తరు. చూసినంక?"

 ఆయన త్వరలో ఒక కాపలా మనిషిని పెడతామని చెప్పి జీపు ఎక్కాడు. ఆ కాపలా మనిషి రానే లేదు. దర్వాజా సందుల్లో మొలిచిన రావి మొక్కలు పీకినా, అరుగులు ఊడ్చినా, పిల్లలు ఏనుగుల మీద రాళ్లు విసురుతుంటే తరిమినా, ఎప్పటిలాగే మా అత్తే. కిటికీ మాట అక్కడితో ముగిసింది.

రెండు వానాకాలాలు గడిచాక మా ఇంటికి అసలు చిక్కు వచ్చింది. దర్వాజా రాళ్ల మధ్య పాత సున్నం రాలిపోయి, వాన నీళ్లు దూలాల గూళ్లలోకి దిగసాగాయి. ఒక మధ్యాహ్నం నేను పొయ్యి మీద జొన్న గటక కలుపుతున్నాను. పైన ఏదో పటపటమంది. లేచి వాకిట్లోకి వచ్చానో లేదో, దూలం చివర పుచ్చి విరిగి, మిద్దె మట్టి సగం పొయ్యి మీద పడింది. కుండ పగిలి, గటకా మట్టీ ఒకటే ముద్ద అయింది.

మా ఆయన హైదరాబాద్ పోయి ఆ శాఖ దఫ్తర్ వెతుక్కుని చెప్పి వచ్చాడు. చూస్తామన్నారట. ఎవరూ రాలేదు. మళ్లీ పోయాడు. పైవాళ్లు అనుమతి ఇవ్వాలన్నారట. ఆ ఎండాకాలమంతా వాకిట్లో తడికల చాటున వండుకున్నాం. రోహిణి కార్తె ఎండలు ముగింపుకొచ్చి, దక్షిణాన మబ్బులు లేవసాగాయి. అప్పుడు మా అత్త కొడుకును పిలిచింది.

"సున్నం గానుగ ఆడియ్యి. దూలం కోపియ్యి."

"అమ్మా, అనుమతి రాలే. కేసు పెడ్తరు."

"పెట్టనియ్యి. ఇల్లు నాది, వాన నా మీద పడుతది. వాళ్ల మీద పడుతదా? అనుమతి వచ్చేదాక మబ్బులను నిలబడుమని చెప్తవా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను లేచి పోయి సున్నంలో కలపడానికి బెల్లం తెచ్చాను. అదే నా జవాబు.

ఊరి మేస్త్రీతో దూలం మార్పించాం. గూళ్లు కడిగించి, రాళ్ల సందుల్లో కొత్త సున్నం పెట్టించాం. తొలి వానకు చుక్క కారలేదు. దర్వాజా రాయిని ఒక్కదాన్ని కూడా కదిలించలేదు, చెక్కలేదు. అయినా కొత్త సున్నం తెల్లగా మెరుస్తూ అల్లంత దూరానికి కనిపిస్తుంది కదా. పంట కోతల వేళకు వచ్చిన అధికారి జీపు దిగగానే చూశాడు.

"అనుమతి లేకుండా ఈ పని ఎవరు చేయించారు?"

"నేను," అంది మా అత్త. దాచాలనే ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

"ఇది నేరమని తెలుసా?"

"వానకు గూడ జర చెప్పు సారూ, అనుమతి లేకుంట కురవొద్దని."

ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో రాసుకుని పోయాడు. కొన్నాళ్లకు అత్త పేరిట కోర్టు సమను వచ్చింది. ఊళ్లో ఆడదానికి సమను రావడం అదే మొదలు. చాకిరేవు దగ్గరా బావి దగ్గరా అదే ముచ్చట. మా అత్త ఆ కాగితాన్ని ఏ మాత్రం ఖాతరు చేయక దేవుని గూట్లో పెట్టి పసుపు దంచుకుంటూ కూర్చుంది.

సరిగ్గా ఆ సమయంలో సర్పంచ్ మా ఇంటికి వచ్చాడు. ఒకప్పటి పటేళ్ల ఇంటివాడు, మాటకారి. అరుగు మీద కూర్చుని చాలా బాధ పడ్డాడు.

"వదినె, నీ అసొంటి మనిషిని కోర్టుకు ఈడుస్తరా? గా పాత రాళ్లకోసం? ఇగ విను. ఊరికి సడక్ వస్తాంది. బస్సు వస్తది. దర్వాజల పట్టదు గనక తియ్యాలె. దర్వాజ పోతే బోర్డు పోతది, బోర్డు పోతే కేసు గూడ పోతది. మీకు ఊరి బయట మంచి జాగ ఇప్పిస్త. గాలి, ఎలుతురు, నాలుగు దిక్కుల కిటికీలు పెట్టుకోండ్రి."

చెబుతున్నాడు అత్తతో, చూస్తున్నాడు నా వైపు. నా కళ్ల సంగతి ఊరందరికీ తెలుసు.

ఆ రాత్రి అన్నాలు తింటుంటే మా ఆయన సంబరంగా ఉన్నాడు. నేను ఆయనకంటే సంబరంగా ఉన్నాను. నాలుగు దిక్కుల కిటికీలు! మనసులో అప్పటికే పొయ్యి ఏ మూల పెట్టాలో కూడా అనుకున్నాను. మా అత్త మాత్రం సగంలోనే చేయి కడుక్కుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"రజాకార్లు వచ్చినప్పుడు ఊర్ల ఉన్న ఎదిగిన ఆడపిల్లలందరిని గా దర్వాజ మీది గదిల దాచిన. మెట్ల మీద పిడకలు పేర్చి, నేను కింద కూసొని రొట్టెలు చేసిన. వాళ్లు నా ముందటికెల్లే పోయిండ్రు. ఇయ్యాల తలా ఇద్దరు పిల్లల తల్లులు వాళ్లు. మీరు పోతే పోండ్రి కొత్త జాగకు. నేను రాను."

 అయినా నా మనసు కిటికీల మీదే ఉంది.

నా మనసు మారింది మరో వారానికి, బావి నుంచి వస్తుంటే. దర్వాజా దగ్గర కొత్త మనుషులు ఇద్దరు సున్నపు నీళ్ల కుండతో రాళ్ల మీద గుర్తులు వేస్తున్నారు. కంట్రాక్టర్ తరఫువాళ్లు. బిందె దించి అడిగాను.

"ఏంది అన్నా, ఈ గుర్తులు?"

"ఏ రాయి ఏడికి పోవాల్నో గుర్తు పెడ్తున్నం చెల్లె."

"సడక్‌కేనా?"

"చిన్న రాళ్లు సడక్‌కు. పెద్దయన్ని పటేల్ కొత్త బంగ్లా పునాదికి."

"మరి ఏనుగుల రాయి?"

"అదా? అది బంగ్లాకు గడప అంట. పటేల్ మనసు పడ్డడు."

తలెత్తి చూశాను. ఆ ఏనుగుల కింది నుంచే నేను పెళ్లికూతురుగా బండిలో వచ్చాను. ఊళ్లోకి వచ్చిన ప్రతి కోడలిని, పోయిన ప్రతి మనిషిని ఆ ఏనుగుల కింది నుంచే తెచ్చారు, తీసుకుపోయారు. వాటిని కిందికి దించి, వాటి మీద కాలు పెట్టి ఆయన రోజూ ఇంట్లోకి పోతాడట. నాకు ఇస్తానన్న కిటికీలు దేనికి లంచమో అప్పుడు అర్థమైంది.  బిందె ఎత్తుకుని నేరుగా ఉత్తరం గండి దగ్గరికి పోయాను. తుమ్మచెట్లు కొడితే రెండు లారీలు పక్కపక్కన పోయేంత దారి. గండి దాటగానే సర్పంచ్ గారి పల్లికాయ చేను. సడక్ అటు తిరిగితే చేను అంచు పోతుంది. అంతే సంగతి.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "ఆయన సర్పంచ్. మనతోని ఏమైతది?" అన్నాడు.

నేను అత్తతో అన్నాను. "అత్తా, రేపు పొద్దుగాల మన పొయ్యి దర్వాజలకు మారుద్దాం."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను అట్లా చూడటం అదే మొదలు. "కట్టెలు ఎక్కువ తీస్కపో," అంది.

పొద్దు పొడిచేసరికి దర్వాజా నడిమధ్య మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించాను. అత్త నులక మంచం తెచ్చి దారికి అడ్డంగా వేసి దాని మీద కూర్చుంది. నేను జొన్నపిండి కలిపి రొట్టెలు చరుస్తున్నాను. గడ్డపారలు భుజాన వేసుకుని కూలీలు వచ్చారు. పొయ్యిని చూసి నిలబడిపోయారు.

"జరుగమ్మా, పని మొదలు పెట్టాలె," అన్నాడు వాళ్ల పెద్ద.

"మాది గూడ పనే. రొట్టె తిని పోండ్రి," అన్నాను.

గడ్డపారలు దించి అరుగుల మీద కూర్చున్నారు. పాపం వాళ్లకు మా మీద కోపమెందుకు? తలా ఒక రొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టాను. ఇంతలో వార్త పాకింది. అత్త ఆనాడు దర్వాజా పై గదిలో దాచిన ఆడవాళ్లు ఒక్కొక్కరే రాసాగారు. ఒకామె పిండి గిన్నెతో, ఒకామె చంటిబిడ్డతో. ఎవరి పొయ్యి రాళ్లు వాళ్లు తెచ్చుకున్నారు. దర్వాజా లోపల పొయ్యిల వరస అయింది.

సర్పంచ్ వచ్చాడు. మొదట నవ్వాడు, తర్వాత గద్దించాడు. చివరికి అసలు మాట తీశాడు.

"ఊరికి బస్సు రావొద్దా? పోయినేడు కాన్పు అయితలేదని బండ్ల దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పానం పాయె ఆ పిల్లది. మరిచిపోయిండ్రా? మళ్ల గట్లనే సావాల్నా?"

అది నిజం. ఆ పిల్ల తల్లి మా మధ్యనే కూర్చుని ఉంది. అందరూ తల దించుకున్నారు. చరుస్తున్న రొట్టె నా చేతిలోనే ఆగిపోయింది. ఆయన గెలిచాడనుకున్నాను. ఆ తల్లి ముఖం చూడలేక చూశాను. ఆమె కళ్లు సర్పంచ్ మీదే ఉన్నాయి, మంటలా. నాకు గొంతు వచ్చింది.

"బస్సు రావాలె పటేలా. తప్పకుంట రావాలె. గండిలకెల్లి రావాలె. దర్వాజ కూలగొట్టనీకె పట్టే దినాలల్ల గండిల తుమ్మలు కొట్టి సడక్ ఎయ్యొచ్చు."

"గండి దిక్కు వల్ల కాదు."

"ఎందుకు కాదు? ముందట నీ చేను ఉన్నదనా?"

 ఎక్కడో వెనక ఒకామె కిసుక్కున నవ్వింది. అప్పుడు ఆ పిల్ల తల్లి లేచి నిలబడింది. "నా బిడ్డ పేరు చెప్పి రాళ్లు మోస్కపోతవా పటేలా?" అంది. ఆ గొంతు పెద్దది కాదు. కాని ఆయన వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ, రెండు రోజుల్లో పోలీసులతో వస్తానని కూలీలకు చెప్పి పోయాడు.

ఆ సాయంత్రం మా ఆయన్ని హైదరాబాద్ పోయి ఆ అధికారిని తీసుకురమ్మన్నాను.

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె? మన మీదనే కేసు పెట్టిండు గదా గాయిన!"

"గా మొఖమే పెట్టుకొని పో. ఇంకో మొఖం ఏడికెల్లి తెస్తం?"

పోయాడు. నెమ్మదస్తుడని అన్నాను కదా, ఆ ఒక్కసారి మాత్రం పోయిన మనిషి అధికారిని వెంట పెట్టుకుని గాని తిరిగి రాలేదు. దఫ్తర్ గుమ్మం దగ్గరే కూర్చున్నాడట, నీళ్లిచ్చినా తాగలేదట. అన్నాళ్లూ మేము దర్వాజాలోనే వండాం, అక్కడే తిన్నాం. ఒకరు ఇంటికి పోతే ఇంకొకరు వచ్చేవారు. సర్పంచ్ తెస్తానన్న పోలీసులు వచ్చారు, పొయ్యిలూ పిల్లలూ చూసి, లాఠీలు చంకలో పెట్టుకుని చెట్టు కింద కూర్చున్నారు.

జీపు వచ్చింది. సర్పంచ్ ఎదురెళ్లి దండ వేశాడు, ఇంట్లో భోజనం సిద్ధంగా ఉందన్నాడు. అధికారి ఒకసారి ఆయన్ని, ఒకసారి రాళ్ల మీది సున్నపు గుర్తులను చూశాడు. "అభివృద్ధి కూడా ముఖ్యమే కదా, పరిశీలిద్దాం," అని మెల్లగా అన్నాడు.

నాకు ఓపిక చచ్చిపోయింది. పిండి చేతులతోనే లేచాను.

"సారూ, గా బోర్డు మీరే పాతిండ్రు. మా వంటింటి దూలం మారిస్తే మీకు కేసు అయింది. దర్వాజ మొత్తం ఊడగొట్టి గడప చేసుకుంటనంటే పరిశీలిస్తరా? గా రాత మా అసొంటోళ్లకేనా? ఒకసారి గట్టిగ చదువుండ్రి, మేమంత వింటం."

 మా అత్త మంచం మీద నుంచే, "చదువు సారూ. నాకు చదువు రాదు," అంది.

జనం చాలామంది ఉన్నారు. ఆయన బోర్డు దగ్గరికి పోయి చదివాడు. మొదట్లో గొణిగాడు. శిక్ష అనే మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు నిలబడింది. చదివి, పోలీసుల వైపు తిరిగి, గడ్డపారలు ఇక్కడి నుంచి తీయించమన్నాడు.

సర్పంచ్ కొత్త సున్నం వైపు చేయి చూపించాడు. "మరి వీళ్లు గోడకు సున్నం పెట్టింది? అది నేరం కాదా?"

"అదీ నేరమే," అన్నాడు అధికారి.

"ఔ, నేరమే," అంది మా అత్త. "నన్ను తోల్కపొమ్మను. రాళ్లు మాత్రం ఈడనే ఉంటయి."

సడక్ గండిలో నుంచే పడింది. సర్పంచ్ చేను అంచు పోయింది. బస్సు వచ్చిన రోజు ఊరంతా గండి దగ్గర చేరి కొబ్బరికాయలు కొట్టింది. ఆయన మాతో మాట మానేశాడు. కాలవ నీళ్లు మా మడికి చివరన వదిలించేవాడు. ఒక ఏడు వరి సగం ఎండింది. ఎండితే ఎండిందని ఆ ఏడు జొన్నలే తిన్నాం.

కోర్టుకు అత్తతో నేనూ పోయేదాన్ని. అదే బస్సులో. మున్సిఫు ఎందుకు చేశావని అడిగితే, "కూలుతుంటే నిలబెట్టిన, అయ్యా. మళ్ల కూలితే మళ్ల నిలబెడ్త," అంది. రెండో మాట అనవద్దని వకీలు ముందే చెప్పి తీసుకొచ్చాడు. ఆమె అననే అంది. మున్సిఫు చాలాసేపు మందలించి వదిలేశాడు.

ఆ తర్వాత వంటింటిని దర్వాజా వైపు నుంచి తీసి, పెరటి వైపు మా సొంత గోడ దగ్గరకు మార్చాను. ఆ గోడకు మనిషి పట్టేంత కిటికీ పెట్టించాను. ఎవరినీ అడగలేదు. నా గోడ.

కొన్నేళ్లకు ఆ అధికారి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన కుర్రవాడు. టేపు పట్టుకుని మా వాకిట్లో దిగాడు. మా అత్త అప్పటికి మంచం పట్టింది, చెవులు సరిగ్గా వినపడవు.

"ఈ ఇల్లు కట్టడాన్ని ఆనుకుని ఉందమ్మా. తొలగించాల్సి రావచ్చు. కొలతలు తీసుకోవాలి," అన్నాడు.

"ఏమంటుండు?" అని అడిగింది అత్త.

ఆమె చెవి దగ్గర వంగి చెప్పాను. "ఇల్లు తీస్తరట."

ఆమె ఆ కుర్రవాణ్ని చూసింది. "ఎండల నిలబెట్టకు, పాపం," అని అటు తిరిగి పడుకుంది.

నేను ఆయనకు పీట వేశాను. "కొలుసుకో సారూ. ముందట కొలువు, ఎనక కొలువు. కొలిచినంక అన్నం తిని పో. కని ఒక్క మాట మీ దఫ్తర్ల చెప్పు. దర్వాజ తీస్తమని వచ్చినోళ్లకు మేము ఏం చెప్పినమో, ఇల్లు తీస్తమని వచ్చేటోళ్లకు గూడ గదే చెప్తం."

ఆయన కొలుచుకున్నాడు. మొహమాటపడుతూనే అన్నం తిన్నాడు. మళ్లీ ఎవరూ రాలేదు. అత్త ఆ ఇంట్లోనే పోయింది. మృగశిరకు ముందు నేను ఏటా నిచ్చెన వేయించుకుని, దర్వాజా సందుల్లో సున్నం పెట్టిస్తాను. పట్టపగలు, ఊరందరూ చూస్తుండగా.